వృద్ధాశ్రమానికి సేవకు వెళ్లేవారు ఏం చేస్తే పెద్దలకు నిజంగా మేలు?

గౌతమితీరం:

అందరికీ నమస్కారం. మాది రాజమహేంద్రవరం. మా కార్యాలయంలో పనిచేసే నలుగురం కలిసి, ఊరి శివారున విరాళాల మీద నడిచే ఒక వృద్ధాశ్రమానికి క్రమం తప్పకుండా సేవకు వెళ్లాలని అనుకుంటున్నాము. అక్కడ నలభై మందికి దగ్గరగా పెద్దలు ఉన్నారు. కొందరు తమ పనులు తాము చేసుకోగలరు, కొందరు వాకరు పట్టుకుని నడుస్తారు, కొందరు పూర్తిగా మంచం మీదనే ఉన్నారు. ఆశ్రమం బాధ్యత చూసే ఆవిడకు మా ఉద్దేశం చెప్పినప్పుడు ఆవిడ ఎంతో మర్యాదగా విని, మాకు ఏ పని వచ్చునో, ఏ రోజు రాగలమో రాసి ఇమ్మన్నారు. మా నలుగురిలో ఎవరికీ వైద్యం తెలియదు. బ్యాంకు పని, కంప్యూటరు పని తప్ప వేరే విద్య లేదు.

ఇటువంటి చోట్ల ఇప్పటికే పనిచేస్తున్నవారు, ఆశ్రమాలు నడిపేవారు, నర్సులు, డాక్టర్లు ఈ వేదికలో ఉన్నారని తెలిసి అడుగుతున్నాను. శిక్షణ లేని మనిషి చేయగలిగిన పని ఏది, చేయకూడని పని ఏది, పరిచయం లేని పెద్దలతో మాట ఎలా కలపాలి అన్న మూడు సంగతులు మీ అనుభవం నుంచి చెప్పవలసిందిగా కోరుతున్నాను.

వార్డునర్సు:

గౌతమితీరం గారూ, మీరు ముందుగా అడిగి తెలుసుకోవడం మంచి పని. నేను ఆసుపత్రిలో వయసు మళ్లినవారిని చూసే వార్డులో చాలా కాలం పనిచేశాను, ఇప్పుడు సెలవు రోజుల్లో ఒక ఆశ్రమానికి వెళ్తున్నాను కనుక చేయకూడని వాటితోనే మొదలుపెడతాను.

మాత్రలు మీ చేతితో ఇవ్వవద్దు, పెద్దవారు ఎంత బతిమాలినా ఇవ్వవద్దు. పొద్దున ఆయా ఇచ్చిన బీపీ మాత్రను ఆయన మరచిపోయి మళ్లీ మిమ్మల్ని అడగవచ్చు. షుగరు ఉన్నవారి కాలిగోళ్లు కత్తిరించవద్దు, ఎందుకంటే వారికి కాళ్లలో స్పర్శ తగ్గి ఉంటుంది, చిన్న గాటు పడినా తెలియదు, అది పుండుగా మారితే మానడానికి నెలలు పడుతుంది. మన ఇళ్లలో పెద్దలకు కాళ్లు నొక్కడం గొప్ప సేవ అనుకుంటాము, చాలామందికి అది హాయిగానే ఉంటుంది కూడా. అయితే ఒక పిక్క మాత్రమే వాచి, పట్టుకుంటే వేడిగా, నొప్పిగా ఉన్నదంటే లోపల సిరలో రక్తం గడ్డకట్టి ఉండవచ్చు. నొక్కితే ఆ గడ్డ కదిలి ఊపిరితిత్తులకు చేరే ప్రమాదం ఉంది కాబట్టి చేయి తీసివేసి, వెంటనే నర్సుకు చెప్పాలి.

అన్నం తినిపించడం ఎవరైనా నేర్చుకోగల పని, ఆశ్రమంలో సిబ్బందికి చేతులు చాలని పని కూడా అదే. పక్షవాతం వచ్చినవారికి మింగడం కష్టమవుతుంది. వారిని నిటారుగా కూర్చోబెట్టి, గడ్డం కాస్త కిందికి వంచి, చిన్న ముద్ద పెట్టి, అది మింగారని చూసుకున్న తరువాతనే రెండవ ముద్ద పెట్టాలి. నోట్లో ముద్ద ఉండగా కబుర్లు చెప్పించకూడదు. పలుచని నీళ్లు, మజ్జిగ కంటే చిక్కని జావ వారికి సులువుగా దిగుతుంది. పొలమారి దగ్గు వస్తే ఆపివేసి ఆయాను పిలవాలి. తిన్న తరువాత అరగంటసేపు వారిని పడుకోబెట్టకూడదు. నలుగురికి తినిపించవలసిన ఆయా ఒక్కొక్కరి దగ్గర అరగంట కూర్చోలేదు, మీరు కూర్చోగలరు. మీకు చేతనైన సేవల్లో దీని కంటే విలువైనది ఏదీ లేదని నా అభిప్రాయం.

మాట్లాడేటప్పుడు గట్టిగా అరవవలసిన పని లేదు. వయసుతో వచ్చే చెవుడులో ముందుగా సన్నని, హెచ్చు స్థాయి ధ్వనులు వినబడడం తగ్గుతుంది, అందువల్ల గొంతు పెంచి కీచుగా అంటే ఇంకా అర్థం కాదు. వారి ఎదురుగా, ముఖం మీద వెలుతురు పడేలా కూర్చుని, గొంతు దించి, నెమ్మదిగా, ఒక్కొక్క మాట విడివిడిగా చెబితే చాలామందికి వినబడుతుంది. లేచి నడుస్తామన్నప్పుడు మంచం అంచున రెండు నిమిషాలు కూర్చోనిచ్చి, తరువాత లేవనివ్వండి. బీపీ మందులు వాడేవారికి ఒక్కసారి లేస్తే కళ్లు తిరుగుతాయి. రెక్క పట్టి లాగవద్దు, ఆ వయసులో చర్మం కాగితంలా పలుచగా ఉండి చిరుగుతుంది. ఎవరైనా పడిపోతే కంగారుగా లేపవద్దు, తుంటి ఎముక విరిగి ఉండవచ్చు. అలాగే నిన్నటిదాకా చక్కగా మాట్లాడిన మనిషి ఈ రోజు అకస్మాత్తుగా తడబడుతూ, పొంతన లేకుండా మాట్లాడుతున్నారంటే అది వయసు వల్ల అని సరిపెట్టుకోకండి. మూత్రంలో ఇన్‌ఫెక్షను, ఒంట్లో నీరు తగ్గడం, షుగరు పడిపోవడం వంటి కారణాలు ఉంటాయి, వాటికి వైద్యం ఉంది.

మీకు జలుబో, జ్వరమో ఉన్న రోజున వెళ్లకండి.

ఆశ్రమంపని:

నేను కృష్ణా జిల్లాలో ఒక చిన్న ఆశ్రమ నిర్వహణలో ఉన్నాను. వార్డునర్సు గారు చెప్పిన వాటిని అచ్చువేసి మా వంటగది గోడకు అంటించాలని ఉంది. నేను ఆశ్రమం వైపు నుంచి కొన్ని సంగతులు చెబుతాను.

ఆదివారం మా దగ్గర మనుషులకు కొదవ ఉండదు. పుట్టినరోజులు, పెళ్లిరోజులు, కాలేజీ పిల్లల బృందాలు అన్నీ ఆదివారమే వస్తాయి. అక్టోబరు 1న అంతర్జాతీయ వృద్ధుల దినోత్సవమని ఒకే పూట మూడు బృందాలు వచ్చి, ఒకరు పండ్లు పంచుతుండగా మరొకరు శాలువాలు కప్పుతారు. మంగళవారం సాయంత్రం గేటు తీసుకుని లోపలికి వచ్చేవారు ఉండరు. ఒకే రోజు నలుగురూ కలిసి రావడం కంటే వారం మధ్యలో ఇద్దరు, వారాంతంలో ఇద్దరు వస్తే ఆశ్రమానికి రెట్టింపు ఉపయోగం. వస్తామన్న రోజున తప్పక రండి, రాలేకపోతే ముందురోజే ఫోను చేయండి. మీ కోసం ఉతికిన చీర కట్టుకుని మధ్యాహ్నం నుంచి వరండాలో కూర్చునేవారు ఉంటారు.

సిబ్బంది సమయం ఎక్కువగా ఆసుపత్రిలో పోతుంది. ప్రభుత్వాసుపత్రి ఓపీ చీటీ కోసం ఒకరు వరుసలో నిలబడితే, రక్తపరీక్ష దగ్గర ఇంకొకరు, మందుల కిటికీ దగ్గర మరొకరు కావాలి. పెద్దవారిని వీల్‌చైరులో వదిలి ఒక్క ఆయా ఇవన్నీ చేయలేదు. నెలకు ఒకసారి ఒక పెద్దమనిషిని ఆసుపత్రికి తీసుకుని వెళ్లి తీసుకురావడం మాకు పది అన్నదానాలతో సమానం. మీరు బ్యాంకు ఉద్యోగులమని అన్నారు. పాసుపుస్తకాలు, కేవైసీ, ఆధారులో చిరునామా మార్పు, పింఛను ఆగిపోతే ఎందుకు ఆగిందో కనుక్కోవడం వంటి పనులు మా దగ్గర ఎప్పుడూ పేరుకుని ఉంటాయి. మీ విద్య అక్కడ బాగా పనికివస్తుంది.

వస్తువులు ఇవ్వదలచినవారు ఆ నెలకు ఏం కావాలో ముందు అడగండి. చలికాలం వచ్చిందంటే దుప్పట్లు గుట్టలుగా చేరతాయి. పెద్దలకు వాడే డైపర్లు, మంచం మీద పరిచే రబ్బరు షీట్లు, జారని చెప్పులు, ముందు గుండీలు ఉన్న నైటీలు, ఫినాయిలు, బట్టల సబ్బు ఎవరూ తీసుకురారు.

ఆశ్రమం వారు మీ గుర్తింపు కార్డు నకలు, ఫోటో అడిగినా, మొదటి నెల సిబ్బంది కళ్ల ఎదుటనే ఉండమన్నా దయచేసి నొచ్చుకోకండి. గుర్తింపు కనుక్కోకుండా ఎవరినైనా పెద్దల గదుల్లోకి పంపే ఆశ్రమం గురించే ఆలోచించుకోవాలి.

నాగావళి:

ఆశ్రమంపని గారి మాటల్లో అన్నదానం పట్ల కొంచెం చిన్నచూపు కనిపించింది. మేము ఏటా మా నాన్నగారి తద్దినం నాడు శ్రీకాకుళంలో ఒక ఆశ్రమంలో భోజనాలు పెట్టిస్తాము. పిల్లలను కూడా తీసుకుని వెళ్లి, వారి చేత వడ్డింపజేస్తాము. ఏడాదికి ఒకసారి వచ్చేవారి భక్తికి విలువ లేదంటే బాధగా ఉంటుంది. అందరికీ వారం వారం వచ్చే వీలు ఉండదు కదా.

ఆశ్రమంపని:

నాగావళి గారూ, అలా వినిపించి ఉంటే మన్నించండి, నా ఉద్దేశం అది కాదు. మీవంటి వారు పెట్టే భోజనాల వల్లనే మా వంటి ఆశ్రమాల బియ్యం, పప్పు ఖర్చు చాలా వరకు గట్టెక్కుతుంది. ఎవరి పేరూ లేని రోజులకు మేము అప్పు చేసి సరుకులు తెచ్చుకుంటాము. మీ పిల్లలు వడ్డించిన నాడు మా పెద్దలు ఒక ముద్ద ఎక్కువే తింటారు.

నేను కోరేది భోజనం ఎలా ఉండాలన్న దాని గురించి మాత్రమే. బూరెలు, పులిహోర, గారెలు, పైన ఐస్‌క్రీము ఒకే పూట పెడితే ఆ రాత్రి షుగరు రోగులను చూసుకోవలసింది మా నర్సే. పళ్లు లేనివారు గారె నమలలేరు. మెత్తని అన్నం, పలుచని పప్పు, ఉప్పు తగ్గించిన కూర, పెరుగు, చిన్న స్వీటు ముక్క ఒకటి పెట్టి, మిగిలిన సొమ్ముతో ఆ నెల పాల బిల్లు కట్టిన దాతలు ఉన్నారు. ఏం వండాలో ఆశ్రమం వంటమనిషిని అడిగితే ఎవరు ఏం తినగలరో ఆవిడ చెబుతుంది.

పాతపంతులు:

నేను పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయుడిని, సికింద్రాబాదులో ఉంటాను. ఇక్కడ లిటిల్ సిస్టర్స్ ఆఫ్ ది పూర్ సన్యాసినుల వృద్ధాశ్రమం ఉన్నదని చాలామందికి తెలుసు. 1839లో ఫ్రాన్సులో జాన్ జుగాన్ అనే ఆవిడ చూపులేని ఒక ముసలామెను తన ఇంటికి తెచ్చుకుని, తన మంచం ఆమెకు ఇచ్చి, తాను అటక మీద పడుకోవడంతో ఆ సంస్థ మొదలైంది. ఆశ్రమాన్ని పోషించడానికి ఆవిడ బుట్ట పట్టుకుని ఇంటింటికీ తిరిగి అడుక్కున్నది. ఆ సంస్థ ఇప్పటికీ విరాళాల మీదనే నడుస్తుంది. ఆశ్రమాల్లో సేవ గురించి ఎవరు అడిగినా నేను ఈ కథ చెబుతాను, ఎందుకంటే అందులో మొదట ఇచ్చినది అన్నమో, సొమ్మో కాదు, తన మంచం.

గౌతమితీరం గారు అడిగిన మూడవ సంగతి, మాట కలపడం. కొత్తగా వచ్చేవారు కూర్చోగానే "మీకు పిల్లలు ఎందరు, వారు మిమ్మల్ని చూడరా" అని అడుగుతారు. దయచేసి అది అడగవద్దు. ఆ ప్రశ్న వారు అప్పటికి వందమందికి జవాబు చెప్పిన ప్రశ్న, చెప్పిన ప్రతిసారీ ఆ రాత్రి నిద్ర ఉండదు. చెప్పాలనిపించిన రోజున వారే చెబుతారు. అప్పుడు కూడా కొడుకును తిట్టే పని మీరు పెట్టుకోకండి, మరుక్షణమే ఆ తల్లి అతని తరఫున మాట్లాడుతుంది, మీరు ఆమెకు పరాయివారు అయిపోతారు.

వారు చేసిన పని గురించి అడగండి. నేను వెళ్లే చోట మగ్గం నేసిన ఒకాయన ఉన్నారు. అంచులో పోగు తెగితే ఎలా కలపాలో ఆయన తన వేళ్లతో గాలిలో చేసి చూపిస్తూ, రెండు గంటలు మాట్లాడగలరు. పద్యనాటకాలకు హార్మోనియం వాయించిన పెద్దాయన ఒకరు ఉన్నారు. ఊళ్లో వందల కాన్పులు చేసిన మంత్రసాని ఒకావిడ ఉన్నారు. తమకు ఏదో చేసిపెట్టేవారి కంటే, తాము నేర్పితే నేర్చుకునేవారు వచ్చినప్పుడు పెద్దల ముఖంలో తేజస్సు వేరుగా ఉంటుంది. పచ్చీసు, అష్టాచెమ్మా, పులిజూదం తెలియని కుర్రవాళ్లను నేను కావాలనే వెంట తీసుకుని వెళ్తాను, ఆట నేర్పే పని పెద్దలకు దక్కుతుందని. చేతులు ఆడేవారికి పువ్వులు కట్టడం, చింతపండులో గింజలు తీయడం, ఆకుకూర బాగుచేయడం వంటి పనులు చేసే అవకాశం ఇవ్వాలి. వారిని మహారాజుల్లా కూర్చోబెట్టి అన్నీ మనమే చేస్తామనడం ప్రేమగా కనిపిస్తుంది గాని, రోజంతా ఏ పనీ లేకుండా కూర్చోవడం ఎవరికీ గౌరవం కాదు.

ఎప్పుడూ మాట్లాడించాలని కూడా లేదు. వార్తాపత్రిక చదివి వినిపించండి. చాలామందికి శుక్లాలు వచ్చి అక్షరాలు ఆనవు, కళ్లద్దాలు మార్చి ఏళ్లవుతుంది. మొదట మరణవార్తలు, తరువాత వాతావరణం, ఆ పైన ధరలు చదవమంటారు. మీకు నచ్చిన వార్త కాకుండా వారు అడిగినదే చదవండి.

ఇంకొక మాట. అక్కడికి వెళ్లడం మొదలుపెడితే మనుషులు పోతూ ఉంటారు. మీరు బాగా దగ్గరైనవారు ఒక వారం వెళ్లేసరికి లేరని తెలుస్తుంది. అది తట్టుకోలేక మానేసినవారిని నేను చూశాను. మానవద్దు, ఆ వారం పక్క మంచం వారి దగ్గర ఎక్కువసేపు కూర్చోండి, వారికి పోయినది రోజూ పలకరించిన తోడు.

డాలస్‌తెలుగు:

మేము కొన్ని కుటుంబాలు కలిసి గుంటూరు వైపు ఒక ఆశ్రమానికి సొమ్ము పంపుదామని అనుకుంటున్నాము. ఇక్కడ దాతలను కూడగట్టాలంటే ఫోటోలు, చిన్న వీడియోలు అవసరమవుతున్నాయి, చూడకపోతే ఎవరూ నమ్మరు. గౌతమితీరం గారి వంటివారు వెళ్లినప్పుడు నాలుగు ఫోటోలు తీసి పెడితే తప్పేమిటి? మంచి పని నలుగురికీ తెలిస్తే ఇంకొందరు ముందుకు వస్తారు కదా.

అడ్వొకేట్‌విజయవాడ:

డాలస్‌తెలుగు గారి ఉద్దేశం మంచిదే. అయినా ఫోటోల విషయంలో నేను కచ్చితంగా వద్దనే చెబుతాను. ఆశ్రమంలో ఉన్నట్టు తమ ఊరి వారికి తెలియనివ్వని పెద్దలు చాలామంది ఉంటారు. మనవరాలికి సంబంధాలు చూస్తున్నారు, ఈ సంగతి బయటపడితే పాడవుతుందని మంచం మీద ఉండి కూడా ఆలోచించే అమ్మమ్మలు ఉన్నారు. అరటిపండు అందుకుంటూ చేయి చాచిన ఫోటో ఒకసారి ఫేసుబుక్కులో పెడితే తిరిగి తీయలేము. మతిమరుపు ఉన్నవారి ఒప్పుకోలుకు అర్థమే లేదు. దాతలకు నమ్మకం కావాలంటే ఆడిట్ చేసిన లెక్కలు, సరుకుల బిల్లులు, కట్టిన గది ఫోటో, ఆదాయపు పన్ను మినహాయింపు రసీదు అడగండి.

సొమ్ము పంపే దారి కూడా చూసుకోండి. భారత పౌరసత్వం ఉండి అక్కడ ఉద్యోగం చేస్తున్నవారు తమ సొంత సంపాదన నుంచి బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కిందికి రాదు. అమెరికా పౌరసత్వం తీసుకున్నవారు పంపితే, వారికి భారత సంతతివారికి ఇచ్చే ఓసీఐ కార్డు ఉన్నా సరే, అది విదేశీ విరాళమే. దానిని తీసుకోవాలంటే ఆశ్రమానికి విదేశీ విరాళాల నియంత్రణ చట్టం, అంటే ఎఫ్‌సీఆర్ఏ నమోదు గాని ముందస్తు అనుమతి గాని ఉండాలి, అది న్యూఢిల్లీ స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖలో తెరిచిన ఖాతాలోకే రావాలి. ఇది తెలియక స్నేహితుల ఖాతాల ద్వారా పంపితే చిక్కుల్లో పడేది ఆశ్రమమే.

సేవకు వెళ్లేవారు తెలుసుకోవలసిన చట్టం 2007లో వచ్చిన తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం. 60 ఏళ్లు నిండి, తమను తాము పోషించుకోలేనివారు పిల్లల మీద ట్రిబ్యునల్‌లో దరఖాస్తు పెట్టుకోవచ్చు. మన దగ్గర ఆర్డీవో కార్యాలయానికి వెళ్లాలి. పిల్లలు లేనివారు తమ ఆస్తి అనుభవిస్తున్న, లేదా తమ తరువాత దానికి వారసులయ్యే బంధువును అడగవచ్చు. స్వయంగా వెళ్లలేనివారి తరఫున వారు అధికారం ఇచ్చిన మనిషి గాని, సంస్థ గాని దరఖాస్తు పెట్టవచ్చు. ఆ చట్టం ప్రకారం నెలకు 10,000 రూపాయలకు మించకుండా పోషణ ఇప్పించవచ్చు. తమ బాగోగులు చూడాలన్న షరతు మీద ఇల్లు రాసి ఇచ్చిన తరువాత పిల్లలు చూడకపోతే 23వ సెక్షను కింద ఆ దస్తావేజు రద్దు కోరవచ్చు. ప్రతి జిల్లాలో కనీసం 150 మంది నిరుపేద వృద్ధులకు చోటు ఉండే ఆశ్రమం ఒకటి ప్రభుత్వం నెలకొల్పవచ్చునని కూడా అదే చట్టంలో ఉంది. అక్కడ "నెలకొల్పాలి" అని గట్టిగా రాయలేదు, ఆ ఒక్క మాట వల్ల ఎన్నో జిల్లాల్లో ఆ భారం ధర్మసంస్థల మీదనే ఉన్నదని నేను భావిస్తున్నాను.

ఇవన్నీ తెలిసినా, పెద్దలను కేసు వేయమని మీరు తొందరపెట్టకండి. వారు అడిగితే చెప్పండి, లేదా వృద్ధుల సహాయవాణి అయిన 14567 ఎల్డర్‌లైన్‌కు ఫోను కలిపి ఇవ్వండి. వారు వద్దంటే అక్కడితో వదిలేయండి. ఏ కాగితం మీదా మీరు సంతకం గాని వేలిముద్ర గాని తీసుకోకండి, నామినీగా మీ పేరు రాస్తామన్నా ఒప్పుకోకండి, వారి ఏటీఎం కార్డు మీ జేబులో ఒక్క గంట కూడా ఉండకూడదు.

మల్లెతీగ:

మా అమ్మ ఇటువంటి ఆశ్రమంలోనే ఉన్నది. నేను ఒంటరిగా ఉద్యోగం చేసుకుంటూ ఆమెను ఇంట్లో చూసుకోలేని స్థితిలో అక్కడ చేర్చాను. ఆమెకు మతిమరుపు జబ్బు బాగా ముదిరింది. అటువంటివారి దగ్గరకు వెళ్లేవారికి కొన్ని మాటలు.

నేను ఎవరో చెప్పు చూద్దాం అని పరీక్ష పెట్టవద్దు. చెప్పలేకపోయినప్పుడు ఆమె పడే సిగ్గు మీకు కనబడదు గాని నాకు కనబడుతుంది. పొద్దు వాలే వేళకు ఆమెకు ఆందోళన పెరుగుతుంది, సంచి సర్దుకుని, ఇంటికి వెళ్లాలి, మా నాన్న ఎదురు చూస్తుంటాడు అంటుంది. మా తాత పోయి నలభై ఏళ్లు దాటింది. ఆయన లేడని చెబితే ఆమె ఆ వార్త అప్పుడే విన్నట్టు ఏడుస్తుంది, గంట తరువాత మళ్లీ అడుగుతుంది. అందువల్ల అక్కడి ఆయాలు, "మీ నాన్నగారు ఎలా ఉండేవారు, మీకు ఏం కొనిపెట్టేవారు" అని అడుగుతారు. ఆమె చెబుతూ చెబుతూ కుదుటపడుతుంది. సేవకు వచ్చేవారు ఆయాల దగ్గర ఇది నేర్చుకోవాలి. పేరు మరచిన మా అమ్మ మంగళహారతి పాట మాత్రం మొదటి నుంచి చివరి దాకా తప్పు లేకుండా పాడుతుంది. ఆమెతో కలిసి పాడితే చాలు.

మా వంటి పిల్లలు అందరూ తల్లిని వదిలేసినవారు కారని కూడా దయచేసి గుర్తుంచుకోండి. ఆశ్రమానికి వచ్చిన నాకు, అక్కడికి సేవకు వచ్చినవారి చూపుల్లో ఆ తీర్పు చాలాసార్లు కనిపించింది.

ఆర్టీసీబండి:

నేను ఆర్టీసీలో కండక్టరుగా పనిచేసి విరమించాను, ఇప్పుడు ఒక ఆశ్రమంలో ఉంటున్నాను. ఇక్కడికి వచ్చే ఒక అబ్బాయి తన ఫోనులో ఈ చర్చ చదివి వినిపించాడు. నేను చెబుతుంటే అతనే రాస్తున్నాడు.

మీరంతా మంచి మాటలే రాశారు. మా వైపు నుంచి కొన్ని చెబుతాను. గదిలోకి వచ్చే ముందు తలుపు తట్టండి, ఇది మా ఇల్లు. మంచం మీద కూర్చునే ముందు అడగండి, నాకు మిగిలిన చోటు అదొక్కటే. అందరినీ తాతా, బామ్మా అనకండి. పరిచయం అయ్యేదాకా పేరుకు గారు చేర్చి పిలవండి, ఆ పైన వరస మేమే కలుపుకుంటాము. పక్క మంచం ఆయన ఎమ్మార్వో ఆఫీసులో హెడ్డు గుమాస్తాగా చేశాడు, పద్దెనిమిదేళ్ల పిల్లలు వచ్చి ఆయన బుగ్గలు పుణకడం నాకు చూడబుద్ధి కాదు.

మళ్లీ వస్తామని చెప్పకండి, వచ్చేట్టయితేనే చెప్పండి. మా ఊరు తీసుకుని వెళ్లి చూపిస్తామని ఇద్దరు ముగ్గురు మాట ఇచ్చారు, నేను దాని మీద చాలా రోజులు ఆశపెట్టుకున్నాను. ఊరికి తీసుకుపోలేకపోయినా ఫరవాలేదు. గేటు దాటి రోడ్డు చివర టీకొట్టు దాకా నడిపించుకుని వెళ్లి, నా డబ్బులతో నన్ను టీ ఇప్పించనివ్వండి. బస్సులు పోతుంటే చూడాలని ఉంటుంది. ఆశ్రమం వారు అనుమతి రాసి ఇస్తారు, తోడు ఉంటేనే పంపుతారు, ఆ తోడు మనిషే దొరకడం లేదు.

పాత స్నేహితుల ఫోను నంబర్లు నా డైరీలో ఉన్నాయి. నాకు అంకెలు కనబడవు. ఆ నంబర్లు ఒక్కొక్కటిగా కలిపి ఇస్తే అంతకంటే నాకు ఏమీ అక్కరలేదు. కొందరు ఎత్తరు, కొందరు లేరని ఇంట్లోవాళ్లు చెబుతారు, అయినా కలపాలి.

గౌతమితీరం:

అందరికీ చేతులెత్తి నమస్కరిస్తున్నాను. ఆర్టీసీబండి గారూ, మీరు చెప్పించి రాయించినది మా నలుగురం కలిసి చదువుకున్నాము. మా ఊరి ఆశ్రమంలో ఆవిడతో మాట్లాడి, మంగళవారం సాయంత్రం రాత్రి భోజనం వేళకు ఇద్దరము, శనివారం ఉదయం ఇద్దరము వెళ్లేటట్టు రాసి ఇచ్చాము. తినిపించడం ఎలాగో మొదటి నెలంతా అక్కడి ఆయాల పక్కన కూర్చుని నేర్చుకుంటాము.

ఆవిడ మాకు వెంటనే ఒక పని అప్పగించారు. ఇక్కడి పేపరు మిల్లులో పనిచేసి పీఎఫ్ పింఛను తీసుకునేవారు కొందరు, ప్రభుత్వ పింఛనుదారులు ఇద్దరు ఆశ్రమంలో ఉన్నారు. నవంబరు వస్తే తాము బతికే ఉన్నామని లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వాలి. వేళ్లు అరిగిపోయి ముద్రలు పడడం లేదని పోయిన ఏడాది బ్యాంకుకు, మీసేవకు తిప్పవలసి వచ్చిందట, అందులో ఇద్దరు ఇప్పుడు మంచం దిగలేరు. దీనికి దారి ఉందా?

పింఛనుసాయం:

ఉంది. వేలిముద్ర అవసరం లేకుండా ముఖం గుర్తింపుతో ఇచ్చే పద్ధతి 2021 నుంచి అమలులో ఉంది, వారి మంచం దగ్గరే చేయవచ్చు. ఆండ్రాయిడ్ ఫోనులో జీవన్ ప్రమాణ్ యాప్‌తో పాటు ఆధార్ ఫేస్ ఆర్‌డీ అనే యాప్ కూడా వేసుకోవాలి. మొదట ఫోను ఎవరిదో వారు, అంటే మీరు, మీ ఆధారుతో ఆపరేటరుగా నమోదు చేసుకోవాలి. తరువాత పెద్దవారి ఆధారు నంబరు, పీపీఓ (పింఛను చెల్లింపు ఉత్తర్వు) నంబరు, పింఛను పడే బ్యాంకు ఖాతా, ఒక ఫోను నంబరు నింపి, వారి ముఖం ఫోనుకు ఎదురుగా ఉంచి రెప్ప వేయమని చెప్పాలి. రెప్ప వేయడం పట్టుకోలేకపోవడమే ఎక్కువసార్లు వచ్చే ఇబ్బంది. కిటికీ వెలుతురు ముఖం మీద పడేలా మంచం తిప్పి, దిండు పెట్టి తల ఎత్తి, కళ్లద్దాలు తీసి మళ్లీ ప్రయత్నించండి. వెనుక గోడ ఖాళీగా ఉంటే మేలు, పక్క మంచం మనిషి ముఖం చట్రంలోకి రాకూడదు.

ప్రభుత్వ పింఛనుదారుల్లో కేంద్రం వారైతే 80 ఏళ్లు దాటినవారు అక్టోబరు 1 నుంచే ఇవ్వవచ్చు, మిగిలినవారికి నవంబరు. రాష్ట్ర పింఛనుదారులకు నెలలు వేరుగా ఉంటాయి, వారి ట్రెజరీని అడగండి. పేపరు మిల్లు వారిది పీఎఫ్ ఆఫీసు ఇచ్చే ఈపీఎస్-95 పింఛను అయి ఉంటుంది. దానికి నవంబరు దాకా ఆగనక్కరలేదు, ఏడాదిలో ఎప్పుడు ఇచ్చినా ఆ రోజు నుంచి ఏడాదిపాటు చెల్లుతుంది కాబట్టి వారివి ఈ నెలలోనే పూర్తి చేయండి. వృద్ధాప్య పింఛను, అంటే ఆంధ్రప్రదేశ్‌లో నెలకు 4,000 రూపాయలు ఇచ్చేది, ఈ పద్ధతిలోకి రాదు. అది సొంత ఊరి సచివాలయంలోనే ఉండిపోయి అందడం లేదంటే, ఆశ్రమం ఉన్న ప్రాంతపు సచివాలయానికి మార్పించే దరఖాస్తు గురించి అక్కడ అడగాలి.

పూర్తయిన తరువాత ప్రమాణ్ ఐడీ ఉన్న సందేశం ఆ ఫోను నంబరుకు వస్తుంది. అది కాగితం మీద రాసి, తేదీ వేసి, ఆశ్రమంలో ఆ పెద్దవారి ఫైలులో పెట్టించండి. మరుసటి నెల పింఛను పడిందో లేదో పాసుపుస్తకంలో సరిచూసి, పడకపోతే ఆ నంబరుతోనే బ్యాంకులో అడగవచ్చు.